చెప్పుల వరస

కొడుకుని బళ్ళో వేస్తూ హరిబాబు పెట్టిన షరతు ఒక్కటే. పిల్లాణ్ణి బజారు వీధిలోంచి నడిపించకూడదు.

"వాళ్ళమ్మ వెనక సందులోంచి తీసుకొస్తుందండి. సందులోంచే తీసుకెళ్తుంది. మీరు కూడా వాణ్ణెప్పుడూ బజారు వైపు పంపకండి," అన్నాడు పంతులమ్మ మాణిక్యాంబగారితో.

"బజార్లో ఏముందండి, పులుందా?" అందావిడ.

"దుమ్మండి. పిల్లాడికి పడదు."

పాలకొల్లు బజార్లో దుమ్మున్న మాట నిజమే. ఆ దుమ్ములోనే హరిబాబు తాతగారు బట్టల కొట్టు పెట్టారు, తండ్రి దాన్ని మేడ చేశాడు, హరిబాబు ఆ మేడకి గాజు తలుపులు పెట్టించాడు. మూడు తరాల వాళ్ళకి అచ్చొచ్చిన దుమ్ము నాలుగో తరం వాడికి పడకపోవడం ఏమిటని మాణిక్యాంబగారు అడగలేదు. పడనిది పిల్లాడికి కాదని, తండ్రికని ఆవిడకి అప్పుడే తెలిసింది.

పృథ్వీకి అప్పటికి నాలుగు దాటి అయిదు నడుస్తున్నాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాడు. కానీ మాట లేదు. పిలిస్తే చూడడు. సంతోషం వేస్తే రెండు చేతులూ టపటపా ఆడిస్తాడు, మిక్సీ మోగితే చెవులు మూసుకుని మంచం కింద దూరతాడు. కాళ్ళకి చెప్పులు తొడిగితే వేడి పెనం మీద నిలబెట్టినట్టు గిలగిల్లాడి విదిలించేస్తాడు. వస అరగదీసి నాలిక్కి రాశారు. గుడిగంట కడిగిన నీళ్ళు తాగించారు. కాకి కొట్టిన జామపండు వెతికి తెచ్చి తినిపించారు. చివరికి విశాఖపట్నం తీసుకెళ్తే అక్కడి డాక్టరు చాలాసేపు పిల్లాడితో ఆడి, అది ఆటిజం అన్నాడు. దానికి మందు లేదని, తోటిపిల్లల మధ్య పెట్టమని, తొందరగా బడికి పంపమని చెప్పాడు.

తిరుగు రైల్లో హరిబాబు భార్యతో, "ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి," అన్నాడు. ముగ్గురిలో ఒకడు ఎలాగూ ఎవరికీ చెప్పలేడు. రెండో మనిషి సాయిసుధ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బజార్లో ఎవరైనా అడిగితే హరిబాబు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "మాట కాస్త ఆలస్యమండి. వాళ్ళ మేనమామకీ అంతే, ఆరో ఏటికి గానీ రాలేదు." బావమరిది మూడో ఏటి నుంచీ వసపిట్టలా వాగేవాడని పెళ్ళికొచ్చిన వాళ్ళందరికీ తెలుసు. అయినా ఏ లోపమైనా ఆడవాళ్ళ వైపుకి నెట్టేస్తే మగాడికి కాస్త నిద్ర పడుతుంది.

టైలూ బెల్టులూ ఉన్న కాన్వెంట్లు రెండు పిల్లాణ్ణి వద్దన్నాక మిగిలింది మాణిక్యాంబగారి బడి. బడంటే ఆవిడ ఇంటి ముందర వసారా, దాని వెనక హాలు. ఆ వసారాలోనే వాళ్ళ నాన్నగారు వీధిబడి నడిపేవారు. ఆవిడ మూడేళ్ళ పిల్లల నుంచి ఆరేళ్ళ పిల్లల దాకా చేర్చుకుంటుంది.

"ఏడుస్తాడా?" అని అడిగింది పృథ్వీని చూసి.

"లేదండి," అంది సాయిసుధ.

"కరుస్తాడా?"

"లేదండి."

"ఇంకేం మరి. నా బళ్ళో ఆ రెండు పనులూ చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కూర్చోమనండి."

పృథ్వీ కూర్చోలేదు. లోపల పిల్లల గోల భరించలేక గడప బయటే చతికిలబడ్డాడు. అక్కడ పిల్లలు విడిచిన చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. ఒక్కో చెప్పూ తీసి, దాని జత వెతికి, గోడ వారన పెట్టడం మొదలెట్టాడు. జత జతకీ మధ్య బెత్తెడు ఎడం. ముందు వైపు బయటికి తిప్పి పెట్టాడు, కాలు దూర్చి నడిచిపోవడానికి వీలుగా. మాణిక్యాంబగారు వాణ్ణి లోపలికి లాగలేదు. చాలాసేపు చూసి, పిల్లలతో, "ఒరేయ్, కుండలో నీళ్ళు నింపే పని ఒకరిది, పలకలు తుడిచే పని ఒకరిది కదా. ఈవేళ్టి నుంచి చెప్పుల పని పృథ్వీది," అని చెప్పింది.

అంతే, వాడికి బళ్ళో చోటు దొరికింది. ఏ జత ఎవరిదో వాడికి వారం తిరక్కుండానే తెలిసిపోయింది. ఇంటి బెల్లు కొట్టగానే పిల్లలు వచ్చి నిలబడేవాళ్ళు, వాడు ఎవరి జత వాళ్ళ కాళ్ళ ముందు పెట్టేవాడు. ముఖంలోకి చూసేవాడు కాదు, కాళ్ళే చూసేవాడు. బెల్లు కొట్టకుండా మాత్రం ఇంద్రుడొచ్చి అడిగినా ఇచ్చేవాడు కాదు. గణేష్‌బాబు అని ఒక గడుగ్గాయి ఉండేవాడు. మధ్యలో ఇంటికి పారిపోవడం వాడి అలవాటు. పృథ్వీ వచ్చాక చెప్పులు చేతికి రాక ఆ అలవాటు మానేశాడు. వాళ్ళమ్మ బుల్లెమ్మ ఒకసారి వచ్చి, ఆ పిల్లాడి జబ్బు తమవాడికి అంటుకుంటుందేమోనని గునిసింది.

"అంటుకుంటే బాగుణ్ణమ్మా. మీవాడు కాసేపు కుదురుగా కూర్చుంటాడు," అంది మాణిక్యాంబగారు.

వానలు మొదలయ్యేసరికి పృథ్వీ గడప దాటి లోపలికి వచ్చాడు. చెప్పులు కనపడేలా తలుపు పక్కనే కూర్చునేవాడు. పిల్లలు పాడుతుంటే ముందుకీ వెనక్కీ ఊగేవాడు. ఒకరోజు గణేష్‌బాబు పలక వాడి ఒళ్ళో పెట్టి సున్నా చుట్టించాడు. సాయిసుధ ఆ పలక ఇంటికి తెచ్చి మొగుడికి చూపించింది. హరిబాబు చూసి, "సున్నాయేగా," అన్నాడు.

ఇంట్లో కూడా వాడిది అదే పని. సాయంత్రం తండ్రి రాగానే చెప్పులు తీసి గోడ వారన పెట్టేవాడు. పొద్దున్న ఆయన బయల్దేరే వేళకి రెండు చేతుల్తో తెచ్చి కాళ్ళ ముందు పెట్టేవాడు. ఇంకెవరికీ అలా తెచ్చేవాడు కాదు.

"అదేనండీ వాడు మిమ్మల్ని నాన్నా అనడం," అనేది సాయిసుధ.

"మనింట్లో పుట్టినవాడు చెప్పులు ముట్టుకోవడమేంటి. చెయ్యి కడుగు," అనేవాడు హరిబాబు. అనేసి ఆ చెప్పులే వేసుకుని వెళ్ళిపోయేవాడు.

దసరా వచ్చింది. వెనకటికి దసరాల్లో పంతుళ్ళు బడిపిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, నోట్లో దసరా పద్యాలు. గడప గడపకీ వెళ్ళి పాడితే ఇంటి యజమాని పంతులుగారికి తాంబూలం, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవాడు. కాన్వెంట్లొచ్చాక అదంతా పోయింది. పాలకొల్లులో మాణిక్యాంబగారు ఒక్కరే, తండ్రిగారి మీద గౌరవం కొద్దీ, ఏటా ఒక పూట పిల్లల్ని తిప్పేది.

"ఆ రోజు మావాణ్ణి ఇంట్లో ఉంచేస్తామండి," అని హరిబాబు కబురు పెట్టాడు.

సాయిసుధ మాత్రం అప్పటికే వాడికి పసుపు రంగు చొక్కా కుట్టించింది, మెడ దగ్గర గుచ్చుకోకుండా కాలరు తీయించి మరీ. "వాడు వెళ్తాడు," అంది. ఎప్పుడూ మాట పెంచని మనిషి ఆ ఒక్క మాటా అని వంటింట్లోకి పోయింది. ఇక చేసేది లేక హరిబాబే స్వయంగా బడికి వెళ్ళాడు, సందులోంచే.

"తీసుకెళ్తే తీసుకెళ్ళండి గానీ, మా కొట్టు ఒక్కటి వదిలేయండి," అని బతిమాలాడు.

"విల్లంబులు పట్టుకుని బయల్దేరాక ఒక్క గడప వదిలినా ఆ ఇంటికి అవమానమండి. మా నాన్నగారు చావు మైల ఉన్న ఇల్లు తప్ప ఏ ఇల్లూ వదిలేవారు కాదు," అందావిడ. "మీ గడప మీరే మూసుకుంటే అది మీ ఇష్టం," అని కూడా అంది.

హరిబాబుకి ఆ మాట గుచ్చుకోలేదు సరికదా, ఉపాయంలా తోచింది. పిల్లలొచ్చే వేళకి టిఫిను వంక పెట్టి కొట్టు తలుపులు దగ్గరికి వేసేద్దామనుకున్నాడు.

వేసేవాడే. కానీ ఆ పొద్దున్నే ఆచంట నించి వాన్ నిండా జనంతో రత్తమ్మగారు దిగింది. పెద్ద రైతు కుటుంబం. మనవరాలి పెళ్ళి బట్టలు. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ చెప్పులు మెట్ల మీద విడిచేసి, లోపల తెల్లదుప్పట్లు పరిచిన పరుపుల మీద గోడ నుంచి గోడ దాకా సర్దుకున్నారు. గుమాస్తా బంగార్రాజు పట్టుచీరలు ఒకదాని మీద ఒకటి విప్పి పారుస్తున్నాడు. లక్ష్మీదేవి నడిచి వచ్చి పరుపు మీద కూర్చుంటే తలుపులేసే వ్యాపారస్తుడు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

నాలుగు కొట్ల అవతల పిల్లల పాట వినపడింది. హరిబాబు గల్లాపెట్టె దగ్గర్నుంచి బంగార్రాజుకి సైగ చేసి, గొంతు తగ్గించి అన్నాడు, "ఇచ్చేదేదో బయటే ఇచ్చి పంపెయ్యండి. లోపలికొద్దు."

రత్తమ్మగారి చెవులు పాము చెవులు. "ఏంటయ్యా, విల్లంబులా? అయ్యో రానియ్యండి. మా చిన్నప్పుడు మా అన్నయ్య పట్టుకుని తిరిగేవోడు. పెళ్ళి బట్టలు కొనే వేళ పసిపిల్లలొచ్చి పాడ్డం ఎంత శుభం," అని మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

పిల్లలు లోపలికొచ్చారు. విల్లులు పట్టుకుని వరసగా నిలబడి పద్యాలు ఎత్తుకున్నారు. మాణిక్యాంబగారు వాళ్ళ వెనక నిలబడింది. పసుపు చొక్కా వాడొక్కడు గడప దగ్గరే ఆగిపోయాడు. మెట్ల మీద ఒక వాన్ జనం చెప్పులు కలగాపులగంగా పడి ఉన్నాయి. పృథ్వీ తన విల్లు గోడకి ఆనించి, కింద కూర్చుని, పని మొదలెట్టాడు.

హరిబాబు అటు చూడకూడదనుకున్నాడు. చూస్తూనే ఉన్నాడు. పద్యాలు అయ్యేసరికి పై మెట్టు మీద ఒక వరస, కింది మెట్టు మీద ఒక వరస తయారయ్యాయి. అన్నీ జతలే, అన్నీ బయటికి తిరిగే ఉన్నాయి.

రత్తమ్మగారు వాణ్ణి చూసింది. పసివాడు, కాళ్ళకి చెప్పుల్లేవు, చెప్పుల మధ్య కూర్చుని ఉన్నాడు. "ఎవరయ్యా ఈ కుర్రోడు? చెప్పులు సర్దడానికి పెట్టుకున్నావేంటి?" అంది.

హరిబాబు నోరు తెరిచేలోగా పృథ్వీ లేచాడు. మెట్ల మీద పని అయిపోయింది. తలుపు మూల విడిగా ఉన్న జత ఒకటి వాడి కంటబడింది. దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, తెల్లదుప్పట్లు తొక్కుకుంటూ, విప్పిన పట్టుచీరల పక్కనించి, వరసగా నిలబడ్డ పిల్లల ముందు నుంచి నడిచి వచ్చి, గల్లాపెట్టె దగ్గర తండ్రి కాళ్ళ ముందు పెట్టాడు. చేతులు రెండూ టపటపా ఆడించాడు.



"యజమాని చెప్పులేవో కూడా తెలుసు చూడు. నమ్మకమైన కుర్రోడయ్యా," అని నవ్వింది రత్తమ్మగారు. "నీ మనిషేనా?"

వాడు నా కొడుకండి అనడానికి మూడు మాటలు చాలు. హరిబాబు నాలిక మీదకి రెండు వచ్చాయి. ఎదురుగా ఇరవై మంది పెళ్ళివారు. రేపు ఆచంటలో, మార్టేరులో, పెనుగొండలో చెప్పుకుంటారు, బట్టల కొట్టు హరిబాబు కొడుకు పిచ్చివాడట, చెప్పులు సర్దుతాడట అని. ఆ మాటలన్నీ ముందే వినపడిపోయాయి.

"అవునండి. ఇక్కడే తిరుగుతూ ఉంటాడండి," అన్నాడు.

రత్తమ్మగారు బొడ్లోంచి రూపాయి బిళ్ళ తీసి పృథ్వీ చేతిలో పెట్టింది. వాడు దాన్ని కాసేపు తిప్పి చూసి, మెట్ల దగ్గరికి వెళ్ళి చెప్పుల వరస చివర పెట్టాడు. పెళ్ళివారు నవ్వారు. బంగార్రాజు కొలిచిన జాకెట్టు ముక్కనే మళ్ళీ కొలవడం మొదలెట్టాడు. ఎదుటి సోడా కొట్టు చిన్నబ్బాయి సీసాలు కడుగుతూ తల దించేశాడు. వాళ్ళిద్దరికీ పృథ్వీ ఎవరో తెలుసునని హరిబాబుకి అప్పుడే తెలిసింది. బజారందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఆయన పరువు కోసం తెలియనట్టు ఊరుకున్నారు.

తాంబూలం పళ్ళెం అక్కడే ఉంది. మాణిక్యాంబగారు దాని వైపు చూడలేదు. హరిబాబు వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "పదండర్రా," అని పిల్లల్ని తీసుకుని, పృథ్వీ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. పప్పుబెల్లాలు పంచనే లేదని పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూశారు.

ఆ పూట అమ్మకం హరిబాబు జీవితంలో పెద్దది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి సాయిసుధ గుమ్మంలో కూర్చుని ఉంది. కబురు ఆయనకంటే ముందే చేరింది.

"ఇక్కడే తిరుగుతూ ఉంటాడా?" అంది.

హరిబాబు చెప్పులు విడిచాడు. పృథ్వీ ఎప్పటిలాగే వచ్చి వాటిని తీసి, గోడ వారన పెట్టి, ఎడం సరిచూసుకుని వెళ్ళిపోయాడు. వాడి ముఖంలో ఏమైనా మారిందేమోనని హరిబాబు వెతికాడు. ఏమీ మారలేదు. వాడు అలిగి ఉంటే, చెప్పులు విసిరికొట్టి ఉంటే, తండ్రికి కాస్త ఊరటగా ఉండేది.

సిగ్గుపడ్డ మనిషి ఆ సిగ్గుని ఎక్కడో ఒక చోట దింపుకోవాలి. సొంత నెత్తిన పెట్టుకునేవాళ్ళు తక్కువ. అన్నం తింటూ హరిబాబు, "సెలవుల తరవాత వాడు బడికి వెళ్ళక్కర్లేదు. ఆ బళ్ళో వెయ్యబట్టే ఇదంతా. ఆవిడే వాడికి చెప్పుల పని నేర్పింది," అన్నాడు.

"ఆ మాట వాడికి మీరే చెప్పండి," అంది సాయిసుధ. మజ్జిగ వడ్డించడానికి కూడా మళ్ళీ రాలేదు.

వాడికెలా చెప్పాలో ఆయనకి తెలియదు. దసరా సెలవులయ్యాయి. బడి తెరిచారు. ఆ పొద్దున్న పృథ్వీ సంచీ మెళ్ళో వేసుకుని, సందు వైపు తలుపు దగ్గర వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ తలుపు తియ్యలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. ఆ మర్నాడు తలకాయ తలుపుకేసి మెల్లగా కొట్టుకోవడం మొదలెట్టాడు. సాయిసుధ తలకీ తలుపుకీ మధ్య తన అరచెయ్యి పెట్టి కూర్చుంది. హరిబాబు అది చూస్తూనే కొట్టుకి బయల్దేరాడు. తన చెప్పులు తనే వేసుకున్నాడు. ఆ వేళ వాడు తేలేదు.

ఆరోజే రత్తమ్మగారు మళ్ళీ వచ్చింది, జాకెట్టు ముక్కలు రెండు తక్కువయ్యాయని. పని చూసుకుని, లేవబోతూ, సంచీలోంచి ఒక కాగితం పొట్లం తీసింది. అందులో చిన్న చెప్పుల జత ఉంది. ఎర్రరంగు రబ్బరువి.

"ఆ చెప్పులు సర్దే కుర్రోడికివ్వయ్యా. అందరి చెప్పులూ సర్దుతున్నాడు, ఆడి కాళ్ళకే లేవు. ఆ రోజంతా అదే కళ్ళల్లో మెదిలింది. కొలత సరిపోతుందో లేదో," అంది.

హరిబాబు చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. "అలాగేనండి. ఇస్తానండి," అన్నాడు. చెప్పులు పుచ్చుకుని గల్లాపెట్టె పక్కన పెట్టాడు. అబద్ధం ఆడ్డం రెండోసారి ఎంత తేలికో, ఆ తేలికకి ఆయనకే ఒళ్ళు జలదరించింది.

రత్తమ్మగారు గడప దగ్గర ఆగిపోయింది. మెట్ల మీద బేరగాళ్ళ చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. వంగి వెతుక్కోవడానికి ఆవిడకి నడుం సహకరించలేదు. "ఆ కుర్రోడుంటే ఈ బాధ ఉండేది కాదు. ఏడీ, మానేశాడా?" అంది.

హరిబాబు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. మెట్ల దాకా వెళ్ళాడు. కొట్టు యజమాని కస్టమర్ల చెప్పుల ముందు గొంతుక్కూర్చోవడం ఆ బజారు ఎన్నడూ చూడలేదు. ఒక్కో చెప్పూ పక్కకి తీస్తూ ఆవిడ జత కోసం వెతికాడు. కొడుకు క్షణంలో చేసే పని ఆయనకి చాతకాలేదు. ఒకటి దొరికితే రెండోది దొరకదు. చివరికి రెండూ పట్టుకుని ఆవిడ కాళ్ళ ముందు, ముందు వైపు బయటికి తిప్పి పెట్టాడు.

"నువ్వెందుకయ్యా తియ్యడం," అని రత్తమ్మగారు కంగారుపడింది.

"వాడు నా కొడుకండి," అన్నాడు హరిబాబు, కూర్చున్నచోట నుంచే, తల ఎత్తకుండా.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. "అయ్యో నా తండ్రీ," అంది. రెండు చేతులూ జోడించింది. "కానక అన్నానయ్యా. ఇంటి బిడ్డని పట్టుకుని పనోడన్నాను, చేతిలో డబ్బులు పెట్టాను. ముసలిదాన్ని, తప్పు పట్టుకోకు బాబూ."

తల్లికంటే పెద్దావిడ, తను చెయ్యని తప్పుకి, నడివీధిలో దణ్ణం పెడుతోంది. హరిబాబుకి ఆ మెట్లు రెండుగా చీలి మింగేస్తే బాగుండుననిపించింది. "మీరు దణ్ణం పెట్టకండి. తప్పు మీది కాదండి. వాడికి మాట రాదు, నాకు వచ్చు. నేనే చెప్పలేదు," అన్నాడు.

"ఏడీ బాబు?"

"ఇంటి దగ్గర ఉన్నాడండి."

"ఆ రోజు బడిపిల్లల్తో వెళ్ళాడుగా. ఈవేళ బడి లేదా?"

"మాన్పించానండి."

 "ఆడేం చేశాడయ్యా?" అని అడిగింది రత్తమ్మగారు, కోపంగా కాదు, నిజంగా తెలియకే.

 ఆవిడ వాన్ ఎక్కి వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న మెట్ల మీదే ఉంది. హరిబాబు బంగార్రాజుకి తాళాలిచ్చి ఇంటికి వెళ్ళాడు. సందు తలుపు దగ్గర తల్లీకొడుకులిద్దరూ పొద్దున్న ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. హరిబాబు వీధి తలుపు తీశాడు. పిల్లాడి చెయ్యి పట్టుకుని, "రా నాన్నా," అన్నాడు.

"అటు బజారండి," అంది సాయిసుధ.

"తెలుసు."

బజారు వీధి ఆ రోజు చాలా పొడుగైపోయింది. పృథ్వీ చేతులు ఆడిస్తూ, లారీ హారన్‌కి చెవులు మూసుకుంటూ నడిచాడు. బుట్టల కొట్టు ముందు ఆగి, వరసగా ఉన్న బుట్టలన్నీ చూసేదాకా కదల్లేదు. హరిబాబుకి చూపులన్నీ వీపు మీద పాకుతున్నట్టనిపించింది. సిగ్గు పోలేదు. పోతుందనుకుని బయల్దేరాడు గానీ, పోలేదు. సోడా కొట్టు దగ్గర చిన్నబ్బాయి, "ఏం పృథ్వీబాబూ, బడికా?" అన్నాడు, రోజూ పిలిచేవాడిలాగే. పిల్లాడి పేరు వాడి నోట వినేసరికి హరిబాబు తల ఇంకా కిందికి దిగిపోయింది.

బడి గడప ముందు చెప్పులన్నీ చిందరవందరగా ఉన్నాయి. పృథ్వీ తండ్రి చెయ్యి వదిలించుకుని కూర్చున్నాడు. జత తరవాత జత గోడ వారకి చేరింది. అన్నీ అయ్యాక తండ్రి దగ్గరికి వచ్చి, కాలి మడమ పట్టుకుని లాగాడు. హరిబాబు చెప్పులు విడిచాడు. వాడు వాటిని తీసుకెళ్ళి పిల్లల చెప్పుల వరసలో, చివర, బెత్తెడు ఎడం వదిలి పెట్టి, లోపలికెళ్ళి తలుపు పక్కన తన చోట్లో కూర్చున్నాడు.

మాణిక్యాంబగారు బయటికొచ్చింది. ఆవిడకేం చెప్పాలో హరిబాబు దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. తీరా ఎదురుపడ్డాక, "వెళ్తానండి," అని చెప్పుల వైపు వంగాడు. లోపల్నుంచి పృథ్వీ గొంతు చించుకుని అరిచాడు.

"బెల్లు కొట్టాలండి," అంది మాణిక్యాంబగారు. "అప్పటిదాకా వాడు ఎవరివీ ఇవ్వడు. కూర్చోండి."

హరిబాబు వసారా అరుగు మీద కూర్చున్నాడు. ఉత్తకాళ్ళతో, పనీపాటా లేనివాడిలా, ఇంటి బెల్లు వేళ దాకా. వీధిన పోయే ప్రతివాడూ ఆగి, "ఏంటండి ఇక్కడ కూర్చున్నారు?" అని అడిగాడు. "మా అబ్బాయి బడి," అని ప్రతివాడికీ చెప్పాడు. నాలుగోవాడికి చెప్పేటప్పుడు కూడా గొంతు మొదటివాడికి చెప్పినట్టే వణికింది.

బెల్లు కొట్టారు. పిల్లలు బిలబిలా వచ్చి నిలబడ్డారు. గణేష్‌బాబు వరసలో ఉన్న పెద్ద చెప్పుల్నీ అరుగు మీది మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"మీరెవరి నాన్నండి?" అని అడిగాడు.

"పృథ్వీ నాన్నని."

గణేష్‌బాబు నమ్మలేదు. వెనక్కి తిరిగి మాణిక్యాంబగారిని, "పృథ్వీకి నాన్న ఉన్నాడాండి?" అని అడిగాడు.

 పృథ్వీ వరస చివరికి వెళ్ళి, పెద్ద చెప్పులు రెండు చేతుల్తో ఎత్తుకొచ్చి, హరిబాబు కాళ్ళ ముందు పెట్టాడు.